ఎవరూ అడగని పేరు

బిడ్డ పుట్టిన దగ్గర్నుంచి బెహక్ ఒక జవాబు సిద్ధం చేసుకుని కూచుంది. అడిగేవాళ్ళే లేరు.

ఆ జవాబు అత్తగారి కోసం. "లేదత్తయ్యా, ఆ పేరు పెట్టను, ఏమీ అనుకోకండి" అని మర్యాదగా, కానీ గట్టిగా చెప్పెయ్యాలనుకుంది. పాలిస్తూ, గుడ్డలు ఆరేస్తూ ఆ మాటలు మనసులో ఎన్నిసార్లు అనుకుందో. కానీ గ్లాస్గోకి దూరంగా సముద్రం మధ్యనున్న ఆ దీవిలో పేరు అడిగి పుచ్చుకోరు. పోయినవాళ్ళ పేరు మళ్ళీ ఇంట్లో వినబడాలని ఎంత ఆశ ఉన్నా సరే, నోరు తెరవకూడదు. బిడ్డను కన్నవాళ్ళే తమంతట తాము ఇవ్వాలి. చర్చిలో పాస్టరు నీళ్ళు చల్లి పలికేదాకా ఆ పేరు బిడ్డ ముందు అనకూడదు కూడా.

పోయిన చలికాలంలో అత్తగారైన కేచక్ చెల్లెలు చనిపోయింది. ఆవిడ పేరు ఓయ్‌రిక్. పెళ్ళి చేసుకోలేదు. గొర్రెల్ని కాచుకుంటూ ఊరి చివర ఒక్కతే ఉండేది. చిన్నప్పుడు బళ్ళో మాస్టారికి ఆ పేరుకు నోరు తిరగక ఇంగ్లీషులో ఎఫీ అని రాసుకున్నాడట. అదే పింఛను కాగితాల్లోకి వెళ్ళింది, ఆఖరికి సమాధి రాతి మీదకీ ఎక్కింది. ఓయ్‌రిక్ అనే పేరుతో ఇప్పుడు ఊళ్ళో ఒక్క మనిషి కూడా లేదు.

బుధవారం నాడు పక్కింటి మర్డీనా ఒక డబ్బా నిండా రొట్టెలు చేసుకుని వచ్చింది. వస్తూనే ఉయ్యాలలోకి తొంగిచూసింది.

"ఇంకా పేరు లేకుండానే తిరుగుతున్నావటే పిల్లా. ఆ ముక్కు చూశావా బెహక్? ఎవరి ముక్కో నేను చెప్పాలా?"

"పసివాళ్ళ ముక్కులన్నీ ఒకలాగే ఉంటాయి పిన్నీ."

"అంతేలే. నా ముక్కు చూసి మాత్రం ఎవరు పెట్టారు నా పేరు? మా బాబాయి మర్డో సముద్రంలో మునిగిపోయాడు. మగపిల్లాడు పుట్టేదాకా ఆగలేక, ఆయన పేరుకే ఓ తోక తగిలించి నాకు కట్టారు. ఎప్పుడు పడవెక్కినా అందరూ నాకేసే చూస్తారు, ఇప్పుడు మునుగుతానా, కాసేపాగి మునుగుతానా అని."

"టీ చల్లారిపోతోంది మర్డీనా" అంది కేచక్. "బిడ్డ పేరు దాని అమ్మానాన్నల పని. మన పని రొట్టెలు తినడం."

మర్డీనా రొట్టె అందుకుంది. బెహక్‌కి మాత్రం ఇంకా నీరసం వచ్చింది. అత్తగారు పోట్లాడితే బాగుండేది. అవతలనుంచి తోసేవాళ్ళుంటే కదా తలుపు గడియ పెట్టుకోవడానికి.

పేరు మోయడం ఎలా ఉంటుందో బెహక్‌కి బాగా తెలుసు. దీవి భాషలో పేరు రాసే తీరు ఒకటి, పలికే తీరు ఇంకొకటి; బయటివాళ్ళకి అంతుపట్టదు. గ్లాస్గోలో చాలా ఏళ్ళు ఒక ఆఫీసులో పనిచేసింది. హాజరు పిలుస్తున్న గొంతు ఒకచోట టక్కున ఆగేది. ఆగిందంటే తర్వాత వచ్చేది తన పేరే. ఆ తర్వాత ఒక నవ్వు, ఒక క్షమాపణ, అక్షరాలతో సంబంధం లేని ఏదో ఒక కూత. "ఎంత ముచ్చటైన పేరో, ఇంకోసారి చెప్పండి" అనేవారు. మర్నాడు మళ్ళీ మొదటికే వచ్చేవారు. చివరికి ఒకరోజు చొక్కాకి పెట్టుకునే బిళ్ళ మీద బెత్ అని రాయించుకుంది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి ఊరికే ఏడ్చింది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

తన కూతురికి ఆ గొడవ వద్దు. ఇంగ్లీషులో జోసీ అని పెడుతుంది. ఎవరైనా చదువుతారు, ఎవరైనా పిలుస్తారు.

ఆ రాత్రి భోజనాలయ్యాక భర్త కొన్యఖ్‌కి గుసగుసగా అదే చెప్పింది. అతను పీతల బుట్టలకి తాళ్ళు కడుతున్నాడు.

"సరే" అన్నాడు.

"సరే అంటే? మీ అమ్మ మాటేమిటి?"

"అమ్మ ఏమీ అడగలేదుగా."

"అదే కదా నా బాధ."

"మోసింది నువ్వు, కన్నది నువ్వు. ఆదివారం చర్చిలో పాస్టరు చెవిలో చెప్పాల్సింది మాత్రం నేను. గుమ్మం ఎక్కేలోపు ఏదో ఒకటి తేల్చు తల్లీ."

గోడ అవతల అత్తగారి మంచం కిర్రుమంది. ఆ ఇంట్లో గోడలు పలచన.

శనివారం కాస్త ఎండ వచ్చింది. చలికాలానికి కట్టెల బదులు పొయ్యిలో వేసి మండించే మట్టి ఇటుకలు బీడులో కోసి పరిచి ఉన్నాయి. మళ్ళీ వాన రాకముందే వాటిని నిలబెట్టి ఆరబెట్టాలి. కొన్యఖ్ పీతల వేటకు సముద్రం మీదకి వెళ్ళాడు. బిడ్డను అత్తగారికి అప్పగించి బెహక్ బయలుదేరింది. వరసలో సగం కూడా కాకుండానే నడుము పట్టేసింది, పాలు చేపుకొచ్చి చొక్కా తడిసింది. పని అక్కడే వదిలేసి ఇంటిదారి పట్టింది.

పెరటి తలుపు దగ్గరికి వచ్చేసరికి లోపల అత్తగారి గొంతు వినబడింది. మెల్లగా, ఒకే మాట మళ్ళీ మళ్ళీ అంటోంది.

బెహక్ ఆగిపోయింది. అనుకున్నంతా అయింది. ఎవరూ లేనప్పుడు బిడ్డను చెల్లెలి పేరుతో పిలుచుకుంటోంది. ఇప్పుడు పట్టుకుంటే ఇన్నాళ్ళూ దాచుకున్న జవాబు ముఖం మీదే చెప్పెయ్యొచ్చు. అలా అనుకోగానే కాస్త సంతోషం కూడా వేసింది.

తలుపు సందులోంచి చూసింది. కేచక్ ఉయ్యాల వైపు వీపు పెట్టి నిలబడింది. బిడ్డ మీద పేరు పడకూడదని కాబోలు, పొయ్యి మీది బంగాళాదుంపల గిన్నెకి చెబుతోంది.

"చోసీ. కాదు. చో కాదు, జో. చో... ఛ." గరిటె కిందపెట్టి పెదాలు తుడుచుకుంది. "మన భాషలో లేని అక్షరంతో అరవై ఏళ్ళు దాటాక నాలుక్కి ఈ శిక్ష ఏమిటో. రేపు అందరి ముందూ తప్పు పిలిస్తే పిల్ల నాకేసి చూస్తుందా? చోజీ. ఆ, ఇది కాస్త నయం."

బెహక్ చేతుల నిండా నల్లటి మట్టి ఉంది. అలాగే గోడకి ఆనుకుని నిలబడిపోయింది. తన పేరును ఇలా ఎవరూ చూడకుండా ఒంటరిగా నేర్చుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని ఆలోచించింది. ఎవరూ గుర్తు రాలేదు.

తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. కేచక్ ఉలిక్కిపడి మూత అందుకుంది.

"తొందరగా వచ్చేశావే. నడుము పట్టేసిందా?"

"అత్తయ్యా, మీ చెల్లెలి పేరు పెడితే దీనికి బతుకంతా అదే పనిగా ఉంటుంది. కొత్త మనిషి ఎదురైనప్పుడల్లా మొదట్నుంచి చెప్పుకోవాలి. అదెంత విసుగో మీకు తెలీదు."

ఆ మాట ఇలా రావాల్సింది కాదు. మర్యాదా లేదు, గట్టితనమూ లేదు.

"నాకెందుకు తెలీదూ?" అంది కేచక్. "మా చెల్లి బయట ఎఫీ అంటే పలికేది. ఇంటికొచ్చాక బూట్లతో పాటు ఆ పేరు కూడా గుమ్మంలో విప్పేసేది. దాని విసుగు నేను చూశాను. అందుకే అడగలేదు."

"అడగకూడదు కాబట్టి కాదా?"

"అదీ ఉందిలే."

బెహక్ చేతులు కడుక్కుని బిడ్డను తీసుకుని కుర్చీలో కూలబడింది. బిడ్డ ఆత్రంగా పాలు అందుకుంది.

"రేపు మీ అబ్బాయి పాస్టరు చెవిలో మీ చెల్లెలి పేరే చెబుతాడు."

"అలిసిపోయి ఉన్నావమ్మా. అలిసినప్పుడు అన్న మాట నేను పట్టుకోను. పడుకుని లేచాక చెప్పు."

"మీ మనవరాలు పడుకోనిస్తేగా. ఎప్పుడు లేచినా ఇదే చెబుతాను."

కేచక్ గరిటె అందుకుంది. "దుంపలు పొంగుతున్నాయి" అని పొయ్యి వైపు తిరిగింది. దుంపలు పొంగడం లేదు. ఆవిడ అటే తిరిగి చాలాసేపు నిలబడింది.

సోమవారం పొద్దున టీకాల గురించి ఆసుపత్రి నర్సు ఫోన్ చేసింది. దీవికి కొత్తగా వచ్చిన పిల్ల. బిడ్డ పేరు ఎలా రాయాలో బెహక్ చెబుతుంటే ఒక్కో అక్షరం రాసుకుంది. రాసుకున్నది పైకి చదవబోయి, గొంతు టక్కున ఆగింది.

బెహక్ కళ్ళు మూసుకుంది. రాత్రంతా నిద్ర లేదు.

"క్షమించండి, ఇది నాకు నోరు తిరిగేలా లేదు. ఈ పేరుకి ఇంగ్లీషులో ఎఫీ అంటారట కదా, సులువుగా అలా పిలవనా?"

"వద్దు" అంది బెహక్. ఒడిలో నిద్రపోతున్న బిడ్డను భుజం మీదకి సర్దుకుంది. "నేను చెబుతాను. నా వెనకాల మీరు అనండి. ఓయ్‌రిక్."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

"ఓయ్..." అంది నర్సు.

"ఆ. సగం వచ్చేసింది. మళ్ళీ అనండి."