ఆకు రాల్చిన చినగోరంట

మల్లికార్జునరావు పెరట్లో, మామిడి నీడన, పదేళ్ళుగా ఒక చినగోరంట పొద ఉంది. వానాకాలంలో గులాబీ రంగు పూలు పూస్తుంది. చలి మొదలయ్యాక ఆకులన్నీ రాల్చి మోడులా నిలబడుతుంది, ఫాల్గుణంలో మళ్ళీ చిగురిస్తుంది. రిటైరైన ఆ సైన్సు మాస్టారికి అదంటే ప్రాణం.

బాపట్ల నుంచి సూర్యలంక వెళ్ళే రోడ్డు మీద ఆయన పక్కింట్లోకి కిందటి వేసవిలో నర్సు రిబ్కా, ఆమె భర్త బాబీ అద్దెకు దిగారు. బాబీ తెనాలి నర్సరీ నుంచి నడుమెత్తు చినగోరంట తెచ్చి గేటు పక్కన నాటాడు. దసరా ముందు గుండెపోటుతో పోయాడు.

ఆ మొక్కకు ఎండ బాగా తగిలింది. చలికి దాని ఆకులు నిప్పుల్లా ఎర్రబడ్డాయి. బీచికి వెళ్ళేవాళ్ళు కార్లు ఆపి ఫొటోలు దిగేవారు. నీడలో ఉన్న మల్లికార్జునరావు పొద ఏనాడూ అంత ఎర్రబడలేదు. ఆయనకు అన్నం సయించలేదు.

సంక్రాంతి వెళ్ళాక రిబ్కా మొక్క ఆకులన్నీ రాలిపోయాయి. ఆమె కంగారుగా ఆయన్ని పిలుచుకొచ్చింది.

"ఎండిపోయిందా బాబాయిగారూ? నేనేమన్నా తప్పు చేశానాండి?"

ఆయన గోటితో బెరడు గీకాడు. లోపల పచ్చగా, తడిగా ఉంది. బొటనవేలితో దాన్ని కప్పేశాడు.

"వేరు కుళ్ళిందమ్మా. నీళ్ళు మరీ ఎక్కువ పోశావు. పీకి తగలబెట్టెయ్."

గడ్డపార కూడా ఆయనే తెచ్చిచ్చాడు. రిబ్కా తన చేతులతోనే తవ్వింది. పచ్చికట్టె అంటుకోక పొగలు కక్కింది. "ఆయన నాటిన ఒక్క మొక్కనీ నేనే చంపుకున్నాను" అంటూ ఆమె కూలబడింది. మాస్టారు గడ్డపార కడుక్కుని ఇంటికి వెళ్ళాడు.

ఫాల్గుణంలో ఆయన భార్య ఆదిలక్ష్మికి ఇంజెక్షన్ చేయడానికి వచ్చిన రిబ్కా, పెరట్లో అదే రకం పొద మోడు నిండా చిగుళ్ళు తొడిగి ఉండటం చూసింది.

"ఇది ఎండిపోలేదాండి, పిన్నిగారూ?"

"ఎండటమేంటమ్మా? ఏటా రాలుస్తుంది, ఏటా చిగురిస్తుంది. మీ బాబాయిగారికి తెలుసుగా."

రిబ్కా ఇంజెక్షన్ చేసి, దూది పెట్టి, గుమ్మంలో కూర్చున్న ఆయన ముందు ఆగింది.

"ఆ రోజే తెలుసాండి మీకు?"

"మొక్కేగా అమ్మా. ఇంకోటి ఇస్తాలే."

ఆమె వెళ్ళిపోయింది. ఆదిలక్ష్మికి అంతా అర్థమైంది. భర్తకు అన్నం వడ్డించి, ఎదురుగా కూర్చోకుండా లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. ఆయన పేపరు చదువుకుంటూ కడుపు నిండా తిన్నాడు.