ఇరుసమ్మ మేకు

కార్లకు గేర్లూ ఇరుసులూ తయారుచేసే ఆ షెడ్డులో ఏ భాగం విరిగినా సంతాపసభ జరగాల్సిందే. విరిగిన ముక్కను శుభ్రంగా తుడిచి బల్ల మీద పెడతారు. దాని నమూనా గీసిన మనిషి స్టూలెక్కి, పోయినవారి గురించి ఒక మంచి మాటా ఒక చెడ్డ మాటా చెప్పి, ముక్కను గోడకు తగిలించి, ఆనక అందరికీ టీ పెట్టాలి. చంపిందెవరో అందరికీ ముందే తెలుసు గనక విచారణ మాత్రం ఉండేది కాదు.

చంపేది ఎప్పుడూ ఒక్కడే. అక్కడికొచ్చే కార్లన్నీ వెయ్యి గుర్రాల బలమున్న రాక్షసులు, పైగా ఆ బలం నాలుగు చక్రాలకూ వెళ్తుంది. రెండు చక్రాలకే వెళ్తే, గట్టిగా తొక్కినప్పుడు టైర్లు కాస్త జారి దెబ్బను అవే మింగేస్తాయి. నాలుగు టైర్లూ నేలను జలగల్లా పట్టుకుంటే జారేదేముంది? అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, ఆ దెబ్బ ఇంజనుకూ నేలకూ మధ్య ఏది మెత్తగా దొరికితే దాన్ని విరిచిపారేస్తుంది. ఆ దెబ్బలు వేసే డ్రైవరు పేరు అందరూ మర్చిపోయారు. తొక్కుడు అంటేనే పలికేవాడు.

చక్రాలను తిప్పే ఇరుసులు గీసేది అతని అక్క. ఆమె ఇరుసమ్మ. గేర్లు గీసేది ఆమె మొగుడు. పొద్దస్తమానం గేరు పళ్లతోనే కాపురం గనక ఆయన పళ్లడాక్టరు.

గోడ మీద అందరి చావులూ వేలాడుతున్నాయి, ఇరుసమ్మవి తప్ప. ఆమె కోసం తమ్ముడు వేళాకోళానికి కొట్టిన మేకు ఏళ్ల తరబడి ఖాళీగానే ఉంది. ఆమె పొద్దున రాగానే ముందు ఆ మేకును చూసుకునేది. ఆ తర్వాతే చెప్పులు విప్పేది.

మొదట్లో డాక్టరు స్టూలెక్కితే షెడ్డు షెడ్డంతా పడీ పడీ నవ్వేది. "ఈ గేరు మంచిదే. కానీ నమలలేనిదాన్ని నమలబోయింది" అనేవాడు. తర్వాత చావులు ఎక్కువై ప్రసంగాలు చిక్కిపోయాయి. చివరిసారి "బాగానే గీశాననుకున్నాను" అని దిగిపోయాడు. టీలో చక్కెర వెయ్యలేదు. అందరూ అలాగే తాగేశారు.

ఆ పూట భోజనం దగ్గర ఇరుసమ్మతో తాపీగా అన్నాడు.

"శనివారం కొనేవాళ్ల ముందు జరిగే పరీక్షలో గేర్లు పోతే ఇక గీయను. ఆఫీసులో కూర్చుని విడిభాగాలు అమ్ముకుంటాను."

"నువ్వా? కొనడానికొచ్చినవాణ్ణి వద్దులెమ్మని పంపించేస్తావు."

"పంపించను. నాకు చేతకాదని తేలిపోయిందిగా."

గోడ గడియారం ఆగిపోతే సంబరంగా విప్పి పళ్లు లెక్కపెట్టే మనిషి, గల్లాపెట్టె వెనక ఎలా బతుకుతాడు? ఆమెకు కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియక, కంచం మీద చూపించింది.

మర్నాడు తమ్ముడు ఆమె బల్ల మీదున్న కొత్త గీత చూశాడు. ఇంకాస్త లావుపాటి ఇరుసు.

"అక్కా, నీ ఇరుసంటే ఇరుసే! నేనెంత తొక్కినా ఇంతైనా మెలితిరగదు. పోయేది పాపం బావ గేర్లేగా."

ఎద్దు పుండు కాకికి ముద్దా అని తిట్టబోయి, ఆమె గోడకేసి చూసింది. తను ఇరుసు లావు చేసిన ప్రతిసారీ ఆయన స్టూలెక్కాడు. దెబ్బ ఇరుసులో ఆగదు, వెనక్కి తిరిగి గేర్ల మీదే పడుతుంది. విరగని సొగసంతా తనది, చావులన్నీ ఆయనవి. ఇంత చదువూ చదివి, మేకు చూసుకుని మురిసిందే తప్ప పక్క మేకులు చూసిన పాపాన పోలేదు.

సరాసరి భర్త దగ్గరికి వెళ్లింది.

"నా ఇరుసు వల్లే నీ గేర్లు పోతున్నాయి. తెలుసా నీకు?"

డాక్టరు చేతిలోని గేరు కింద పెట్టాడు. "తెలుసు."

"మరి చెప్పి చావవేం?"

"నీ మేకు ఖాళీగా ఉండటం నీకెంత ఇష్టమో, అదీ తెలుసు. నీ ఇరుసు విరగాలని నా నోటితో ఎలా అడగను?"

ఆమె గిరుక్కున తన బల్ల దగ్గరికి మళ్లింది. వచ్చి లావు ఇరుసు గీతను నలిపి బుట్టలో వేసి, నడుం సన్నగా ఉన్నదాన్ని గీసింది. దెబ్బ పడితే పిండిన బట్టలా మెలితిరగాలి, మరీ మించితే గేర్ల కంటే ముందు తనే విరగాలి. విరిగిన ఇరుసును టీ మరిగేలోగా మార్చొచ్చు. గేర్లు పోతే కారు మొత్తం విప్పాలి.

షెడ్డు యజమాని లబలబలాడాడు. "సన్నం చేస్తావా? కొనేవాళ్లు లావు అడుగుతారమ్మా!"

"లావు కావాలంటే మిమ్మల్ని చూసుకోమనండి" అంది. పొట్ట సవరించుకుని ఆయన వెళ్లిపోయాడు.

శనివారం కొనేవాళ్లు చేతులు కట్టుకుని నిలబడ్డారు. తొక్కుడు తన పేరు నిలబెట్టుకుంటూ కారును పదేపదే దూకించాడు. డాక్టరు గోడకేసి తిరిగి నిలబడ్డాడు. కాసేపటికి టప్‌మని చప్పుడు. కారు మూలిగి ఆగిపోయింది.

"బావా, పోయింది!" అని అరిచాడు తొక్కుడు.

డాక్టరు కళ్లు మూసుకున్నాడు. ఇరుసమ్మ కారు కింద దూరి, రెండు ముక్కలతో బయటికొచ్చింది. "మీ బావది కాదురా, నాది!" అంది, లాటరీ తగిలినంత సంతోషంగా. మొగుడూ పెళ్లాలు కలిసి కొత్త ఇరుసు బిగించారు, మిగిలిన పరుగులు పూర్తయ్యాయి. గేర్‌బాక్సు విప్పి చూస్తే ఒక్క పన్ను కూడా ఊడలేదు. డాక్టరు టార్చి పట్టుకుని ప్రతి పన్నునూ తడిమి చూసుకున్నాడు, మళ్లీ మొదటి నుంచీ చూసుకున్నాడు.

సాయంత్రం ఇరుసమ్మ మొదటిసారి స్టూలెక్కింది.

"మంచి మాట. ఇది తన వంతుకు తాను విరిగింది. చెడ్డ మాట దీని గురించి కాదు, దీని అన్నల గురించి. ఏళ్ల తరబడి వాళ్లు విరగలేదని గొప్పలు పోయారు. పక్కవాడు విరుగుతుంటే కళ్లు మూసుకున్నారు. ఆ అన్నల్ని గీసింది నేనే."

ముక్కను మేకుకు తగిలించి దిగి, టీ పెట్టడానికి వెళ్లింది. డాక్టరు గట్టిగా ముక్కు చీదాడు.

"ఏంటి బావా?"

"వెల్డింగు పొగ పడిందిరా" అన్నాడు.

ఆ పూట షెడ్డులో ఎవరూ వెల్డింగు చెయ్యలేదు.