కొంచెం ఎక్కువైనా ఫర్వాలేదా

చీజ్ కోసే తీగను వేడినీళ్లలో తోముతుంటే వెనకనుంచి మా అత్తగారు అన్నారు: "ఆ అరగంట నువ్వే కూర్చోవాలమ్మాయ్ వాడి పక్కన. సాయంత్రాలు నీకు ఖాళీయే కదా."

ఖాళీ! వారానికి నాలుగు రోజులు, నాలుగు ఊళ్ల సంతలు. పొద్దున నాలుగున్నరకు లేచి, ఒక్కోటి పన్నెండు కిలోలుండే చీజ్ చక్రాలు వ్యానుకెక్కించి, చలిలో పందిరి గొట్టాలు బిగించి, పొద్దంతా నిలబడి అమ్మి, మళ్లీ గొట్టాలు విప్పి ఇంటికి రావాలి. వచ్చాక మా ఆయన విబ్రెన్‌ని పక్కకు తిప్పి వీపు మీద ఎక్కడైనా ఎర్రబడిందేమో చూడాలి, మూత్రం సంచీ మార్చాలి, సూప్ వేడి చెయ్యాలి, చివరికి ఈ కత్తులూ తీగలూ కడగాలి. ఇదంతా చూస్తూ చూస్తూనే బౌక్యా అత్తయ్య ఆ మాట అన్నారు. నేను "సరే అత్తయ్యా" అన్నాను. ఎందుకన్నానో నాకు తెలుసు.

మా వ్యాపారంలో ఒక పద్ధతుంది. అరకిలో అడిగితే కత్తిని వేలెడు అవతలగా పెట్టి కోస్తాం. త్రాసు మీద పడేశాక నవ్వుతూ అడుగుతాం: "కొంచెం ఎక్కువైంది, ఫర్వాలేదా?" కోసేశాక అడిగే ప్రశ్న అది. అందుకే అందరూ ఫర్వాలేదనే అంటారు. లేవార్డెన్ ఊళ్లో జరిగే శుక్రవారం సంతకు ఒక ముసలావిడ వస్తుంది. ఇన్నేళ్లలో ఆవిడొక్కతే అంది, "ఎక్కువైంది, తీసెయ్" అని. మారు మాట్లాడకుండా తీసేస్తాను. ఆవిడ ముందు కత్తి సరిగ్గా పెట్టడం నేర్చుకున్నాను కూడా. పెళ్లయిన పంతొమ్మిదేళ్లలో మా ఇంట్లో నన్నూ ఇలాగే వేలెడు వేలెడు ఎక్కువ కోస్తూ వచ్చారు. తేడా ఒక్కటే, వాళ్లు ఫర్వాలేదా అని కూడా అడగలేదు.

పోయిన ఏడు ఫిబ్రవరిలో, మంచు పేరుకున్న వ్యాను పైకప్పు మీదనుంచి విబ్రెన్ జారి పడ్డాడు. వెన్నెముక విరిగింది. ఛాతీ కింద ఇక ఏమీ తెలియదు. చక్రాల కుర్చీ అందరికీ కనిపిస్తుంది, అందుకని అందరూ దాని గురించే అడుగుతారు. కనిపించనిది ఇంకొకటుంది. పడ్డప్పుడు తలకూ తగిలింది. దానికి తోడు నొప్పి మాత్రలు, తెగిపోయే నిద్ర, కూర్చోగానే పడిపోయే రక్తపోటు. ఇవన్నీ కలిసి మనసు నిలవకుండా చేస్తాయట, ఇప్పుడు విన్నది ఇప్పుడే జారిపోతుందట. వెన్ను దెబ్బ తిన్నవాళ్లలో చాలామందికి ఇలా ఉంటుందనీ, ఎవరూ పట్టించుకోరనీ పునరావాస కేంద్రంలో శిక్షణ ఇచ్చే నీన్కె చెప్పింది. చురుకైన పిల్ల, మా పెద్దమ్మాయి వయసుండొచ్చు, నాకు ఇంకొంచెం ముందే పెళ్లయి పిల్లలుంటే. రోజూ అరగంట ఒకరు పక్కన కూర్చుని ఆడించాలని ఆమే ఒక ట్యాబ్లెట్ ఇచ్చింది. దాన్నిండా ఆటలు. వెలిగిన దీపాన్ని వెంటనే నొక్కడం ఒకటి. వీధులు గుర్తుపెట్టుకుని ఇంటికి చేరడం ఒకటి. మూడోది కొట్టు. కొనేవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఏం కావాలో చెప్పి పక్కకు నిలబడతారు, మధ్యలో కుక్క మొరుగుతుంది, ఫోను మోగుతుంది, తర్వాత ఎవరిది వాళ్లకు తీసి ఇవ్వాలి. ఆటలో ఒక్కో మెట్టూ ఎక్కేకొద్దీ మనుషులు పెరుగుతారు.

అది చూసి నేను పైకే నవ్వాను. ఆటలో కొనేవాళ్లు చీజ్‌ని వేలితో నొక్కి చూడరు. మూడు రకాలు రుచి చూసి వెళ్లిపోరు. "ఓనరుగారు లేరా?" అని నా భుజం మీదుగా వెతకరు.

విబ్రెన్ రెండు వారాలు ఆడాడు. మూడో మెట్టు దగ్గర ఆగిపోయాడు. ఇద్దరు మనుషులు, మూడు వస్తువులు. రెండోవాడు ఏమడిగాడో గుర్తు రాలేదు. "నేనేమన్నా చిన్నపిల్లాణ్ణా? ముప్ఫయ్యేళ్లు నిజం కొట్టు నడిపినవాణ్ణి," అని ట్యాబ్లెట్‌ని మంచం మీదకు విసిరాడు. ఆ ముఖం చూసి నాకు కోపం రాలేదు. కొట్టు దగ్గర అతను వెనక్కి తిరక్కుండా అడిగేవాడు, "ఆవిడకేం కావాలంది?" అని. నేను చెప్పేదాన్ని. పంతొమ్మిదేళ్లు అతని జ్ఞాపకశక్తి అతని పక్కనే నిలబడి ఉంది. ఇప్పుడది సంతకు వెళ్లిపోతోంది, అతను ఇంట్లో ఉంటున్నాడు.

మూడు వారాలు ఆడకపోతే శిక్షణలో అతని చోటు వరుసలో ఉన్న ఇంకొకరికి పోతుందని నీన్కె మెత్తగానే హెచ్చరించింది. అప్పుడు నేను తప్పు చేశాను. ఒక శుక్రవారం ట్యాబ్లెట్‌ని సంచీలో పెట్టుకుపోయాను. రెండుంబావుకు సంత పలచబడుతుంది. భోజనాలవాళ్లు వెళ్లిపోయి ఉంటారు, బడిపిల్లల తల్లులు ఇంకా రారు. ట్యాబ్లెట్‌ని త్రాసుకు ఆనించి అతని పేరు మీద ఆడాను. చోటు పోకుండా కాపాడదామని, అంతే. మొదట్లో కావాలనే కొన్ని తప్పులు కొట్టేదాన్ని. తర్వాత చెయ్యి ఒప్పుకోలేదు, ఎర్ర స్కార్ఫు ఆవిడకు జీలకర్ర చీజ్ కావాలని తెలిసీ వెన్న ఇవ్వడానికి. తొమ్మిదో మెట్టు, పద్నాలుగో మెట్టు. ఇంకో నిజం కూడా చెప్పాలి. సరిగ్గా ఇచ్చిన ప్రతిసారీ పచ్చ చుక్క వెలిగి "చాలా బాగా చేశారు!" అనేది. రోజు మొత్తంలో నాకు ఆ మాట చెప్పేది అదొక్కటే.

నీన్కె అడిగితే తడుముకోకుండా ఉంటాడని, సాయంత్రం బఠాణీ సూప్ తాగుతూ ఆ రోజు ఆటంతా విబ్రెన్‌కి చెప్పేదాన్ని. ఎర్ర స్కార్ఫు ఆవిడ డజను గుడ్లడిగి, ఆరు చాలని వెనక్కి వచ్చిందంటే పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఆడవాళ్లు!" అన్నాడు. నాలుగు నెలలు ఇలా గడిచాయి.

సంత పర్మిట్ అతని పేరు మీద ఉంది. పర్మిట్ ఉన్నవాడు మంచాన పడితే ఏడాదిన్నర వరకు భార్య నిలబడవచ్చు. ఆ తర్వాత అతనన్నా తిరిగి రావాలి, లేదా సంతకం పెట్టి ఆమెకు రాసివ్వాలి. ఆసుపత్రిలో ఉన్నప్పుడు "నువ్వే తీసుకో యెల్త్యా" అన్నాడు. ఫారం నా సంచీలోనే ఉంది, గడువు ఇంకో నెల. ఇంతలో ఒక ఆదివారం మా మరిది రైన్ కాఫీకి వచ్చి, నారింజ కేకు రెండో ముక్క తీసుకుంటూ అన్నాడు: "అన్నయ్య రిపోర్టు చూశావా వదినా? బుర్ర పాదరసం! ఇంకా ఈ ఫారం ఎందుకు? అన్నయ్య వెనకాల కూర్చుని అంతా చూసుకుంటాడు. నువ్వు ఎప్పట్లాగే నిలబడితే చాలు."

"ఆర్డర్లు నేనే ఇస్తా," అన్నాడు విబ్రెన్.

అంతకు ముందు వారమే అతను చీజ్ తయారుచేసే ఆవిడకు ఫోన్ చేసి నలభై లవంగాల చీజ్ చక్రాలు చెప్పాడు. రెండు రోజులకు మళ్లీ చేసి ఇంకో నలభై చెప్పాడు. "ఏం యెల్త్యా, పెళ్లేమైనా పెట్టుకున్నారా?" అని ఆవిడ నాకు ఫోన్ చేసి నవ్వింది. నేను రద్దు చేయించి ఎవరికీ చెప్పలేదు. అతని ముఖం చిన్నబోకుండా నేను దాచినవన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి నా చుట్టూ గోడ కడుతున్నారని ఆ కేకు ముక్కల ముందు అర్థమైంది.

బుధవారం కేంద్రంలో అందరం కూర్చున్నాం. నీన్కె గోడ మీద తెర వెలిగించింది. ఒక గీత కిందనుంచి పైకి, పైపైకి. "ఈ వయసు ఆరోగ్యవంతులకు కూడా ఇంత రాదు," అంది. "ఒక విచిత్రం చూడండి. ఈయన బాగా ఆడేది సంత రోజుల్లోనే, అదీ మధ్యాహ్నం రెండుంబావుకి!"

అందరూ నవ్వారు. "సంత మావాడి రక్తంలోనే ఉంది," అన్నారు అత్తయ్య.

"కాబట్టి వచ్చే నెలనుంచి ఈ శిక్షణ ఆపేద్దాం. ఈ చోటు ఇంకొకరికి ఉపయోగపడుతుంది."

ఆ మాట నేను ఊహించలేదు. ఏ చోటు పోకూడదని ఆడానో అది నేను ఆడడం వల్లే పోతోంది. రెండో మనిషి ఏమడిగాడో గుర్తులేని మనిషిని, అంతా నయమైందని చెప్పి ఇంటికి పంపేస్తున్నారు. అతని మందు నేను తాగేశాను. ఇప్పుడు నోరు మూసుకుంటే అతనికి వైద్యం పోతుంది, నాకు కొట్టు పోతుంది, ఇద్దరం బతికినన్నాళ్లూ అతను చేసే ఆర్డర్లు నేను దొంగతనంగా రద్దు చేసుకుంటూ తిరగాలి.

"ఆ గీత నాది," అన్నాను.

"ఏమంటున్నావ్ వదినా?"

చెప్పాను. త్రాసు, రెండుంబావు, నాలుగు నెలలు. నీన్కె పెన్ను కింద పెట్టింది.

"అబద్ధం," అన్నాడు విబ్రెన్. "ఆడింది నేను. ఎర్ర స్కార్ఫు ఆవిడ డజను గుడ్లడిగింది, ఆరు చాలని మళ్లీ వచ్చింది. నాకు బాగా గుర్తుంది."

ఆ కళ్లలో అబద్ధం లేదు. సూప్ తాగుతూ నేను చెప్పిన మాటలు అతనిలో అతని జ్ఞాపకాలైపోయాయి. కోపం కన్నా ముందు భయం వేసింది నాకు. దెబ్బ తగలక ముందు కూడా ఇంతే కదా అనిపించింది. ఏ ఊళ్లో ఏ చీజ్ పోతుందో, ఎవరి కూతురి పెళ్లికి ఏం పంపాలో, అన్నీ నేను చెప్పినవే అతను నడిపినవిగా గుర్తుండిపోయాయి. అప్పుడు మాత్రం దానికి ఎవరూ జబ్బు పేరు పెట్టలేదు.

"మొగుడి పరువు తియ్యడానికి ఇంతకన్నా మంచి చోటు దొరకలేదా నీకు?" అన్నారు అత్తయ్య.

నీన్కె ట్యాబ్లెట్‌ని అతని వైపు జరపబోయింది. అడ్డుపడ్డాను. "అతన్ని అందరి ముందూ కూర్చోబెట్టకండి. నేను ఆడతాను."

పదిహేడో మెట్టు. ఆరుగురు మనుషులు. కుక్క మొరిగింది, ఫోను మోగింది. ఆరుగురికీ ఎవరిది వాళ్లకు ఇచ్చేశాను. పచ్చ చుక్కలు వెలిగాయి.

"నాకు కోపంగా ఉంది," అంది నీన్కె. "ఈయనకి నాలుగు నెలలు పోయాయి."

"పోయాయి. తప్పు నాదే," అన్నాను. తగ్గించి చెప్పలేదు.

ఆ తర్వాత సంచీలోంచి ఫారం తీసి విబ్రెన్ ముందు పెట్టాను. నలభై చక్రాల సంగతి ఎత్తలేదు. అతను గోడ మీది గీతనే చూశాడు.

"మరి నేనేం చెయ్యాలి?" అన్నాడు, ఎవరినీ చూడకుండా.

"మూడో మెట్టు. అక్కణ్ణించి నీ అంతట నువ్వు ఎక్కు."

"ఎక్కడ పెట్టాలి సంతకం?" అన్నాడు. వేలు పెట్టి చూపించాను. పెన్ను మూత తీసేసరికి మళ్లీ అడిగాడు, "ఎక్కడ?" మళ్లీ చూపించాను. పెట్టాడు. రైన్ కిటికీ వైపు తిరిగాడు.

నీన్కె కొత్త పేజీ తెరిచింది. "మొదటినుంచి మొదలుపెడదాం. చోటు ఉంచుతాను. కానీ రోజూ అరగంట ఎవరో ఒకరు పక్కన కూర్చోవాలి, చేతిలోంచి లాక్కోకుండా. ఎవరు కూర్చుంటారు?"

అన్ని ముఖాలూ నా వైపు తిరిగాయి. రైన్ ఇల్లు మాకు రెండు వీధుల అవతల. ఐదింటికల్లా ఇంట్లో ఉంటాడు. అత్తయ్య ఇల్లు పక్కదే.

"ఇంకెవరు, అదే కూర్చుంటుంది," అన్నారు అత్తయ్య, అప్పటికే కోటు గుండీలు పెట్టుకుంటూ. "అరగంటేగా. ఇంత చేసేదానికి ఇంకొంచెం ఎక్కువా?"

లేవార్డెన్ ముసలావిడ గుర్తొచ్చింది. ఆవిడ ఎప్పుడూ గొంతు పెంచదు.

"ఎక్కువైంది అత్తయ్యా," అన్నాను. "తీసెయ్యండి."