పడేవాడి చప్పుడు

ఎండుటాకుల మంట మీద డప్పు కాచి, వేలితో మీటి చూసుకుని, సోంబరు తెర వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు. అరకు శుక్రవారం సంతలో వరహాలరావు వేసే నల్ల టార్పాలిన్ డేరాలో ఇరవై రెండేళ్ళుగా అతని చోటు అదే. అక్కడ ఆడేవన్నీ వందేళ్ళనాటి మూగ నవ్వుల సినిమాలు. మాటలుండవు కనక కువి మాట్లాడేవాళ్ళకీ, ఒరియా మాట్లాడేవాళ్ళకీ, మైదానం నుంచి వచ్చిన వ్యాపారులకీ ఒకేలా అర్థమవుతాయి. టోపీ పెట్టుకున్న ఒక బక్కమనిషి రైలు మీంచి, మేడ మీంచి, నిచ్చెన మీంచి పడుతుంటాడు. పడ్డ క్షణానికే డప్పు దెబ్బ వినపడాలి. అదీ సోంబరు ఉద్యోగం. తెర వెనక నుంచి బొమ్మ కుడిఎడమలు తారుమారై కనిపిస్తుంది. ఆ మనిషిది ఎడమచేతి వాటమని సోంబరు ఈనాటికీ నమ్ముతాడు.

డప్పు దెబ్బకి ముందు సోంబరు అరచేతిని ఒకసారి నేలకి ఆనిస్తాడు. మిరియాలు కోయడానికి, ఆ తీగలు పాకిన సిల్వర్ ఓక్ చెట్టెక్కే ముందు వాళ్ళింట్లో అందరూ చేసే పనే అది. నేలని అడిగి ఎక్కాలి. తమ్ముడు గాసి ఒకనాడు తొందరలో అడగకుండా ఎక్కాడు. నలభై అడుగుల ఎత్తు నుంచి పడ్డాడు, లేవలేదు. పక్క చెట్టు మీదున్న సోంబరుని ఆ చప్పుడు ఒక్కరోజూ వదల్లేదు. తెర మీద మనిషి మాత్రం పడ్డ ప్రతిసారీ లేచి, టోపీ దులుపుకుని పరిగెత్తుతాడు. అది చూడటానికే ఇన్నేళ్ళూ కొండ దిగి వచ్చాడు.

ఇవాళ అతను కూర్చోగానే వరహాలరావు కొత్త స్పీకరు పెట్టె మోసుకొచ్చాడు.

“సోంబరూ, ఈయాల్టినించి నువ్వు వాయించక్కర్లేదు. సప్పుళ్ళన్నీ పెన్‌డ్రైవులో ఎక్కించీసినాను. ఆయాసపడతన్నావు, కూకుని సూడు.”

“పడినప్పటివి కూడానా బాబూ?”

“అన్నీని.”

“మరి నేలనెవులు అడుగుతారు?”

వరహాలరావు నవ్వాడు. “ఆ సినిమావోడు సచ్చి ఎన్నేళ్ళయిందో! ఇప్పుడు దెబ్బ తగుల్తాదేటి?”

“సచ్చిపోనాడని నాకూ తెలుసు బాబూ. పడ్డం మాత్రం ఈయాల పడతన్నాడు కదా.”

వరహాలరావు తీగలు కలుపుకోవడంలో పడ్డాడు. సోంబరు డప్పుని గుంజకి తగిలించి, పశువుల సంత వైపు వెళ్ళి, కాసేపటికి వెనక దారినే లోపలికొచ్చాడు.

ఆట మొదలైంది. స్పీకరు దద్దరిల్లింది. బక్కమనిషి మేడ అంచున ఊగిసలాడి పడ్డాడు, లేచాడు, మళ్ళీ పడ్డాడు. పిల్లలూ ముసలమ్మలూ కడుపు పట్టుకుని నవ్వారు. ఒక్క చప్పుడూ తప్పలేదు. డప్పు ఏదని ఎవరూ అడగలేదు. వరహాలరావుకే ఎందుకో మనసు చివుక్కుమంది.

ఆట అయ్యాక టీ పట్టుకుని తెర వెనక్కి వెళ్ళాడు. సోంబరు గుంజకి ఆనుకుని కూర్చున్నాడు. కళ్ళు తెర వైపే ఉన్నాయి.

“సోంబరూ, టీ సల్లారిపోతాది.”

భుజం మీద చెయ్యి వేసి, వెంటనే తీసేశాడు. ఇరవై రెండేళ్ళలో ఆ మనిషిని ఒక్కసారైనా ముందు వరసలో కూర్చోబెట్టలేదే అని ఏడ్చాడు.

పొద్దు వాలకముందే ఊరివాళ్ళు వచ్చి శవాన్ని మోసుకెళ్ళారు. వరహాలరావు ఒక్కడే డేరా విప్పాడు. ఇందాక ఏడుపులో గమనించలేదు గానీ, తెర దించి చూస్తే దాని వెనక, బక్కమనిషి సరిగ్గా పడే చోట, మోకాలెత్తున మెత్తగా పరిచిన వరిగడ్డి ఉంది.