అత్త దులిపిన ఇసుక

సాయంత్రం బస్సు డిపోలో సైరన్ మోగగానే అత్త కుట్టుమిషను ఆపేది. కళ్లజోడు తీసి డ్రాయర్లో పెట్టేది. సూదులన్నీ దిండుకే గుచ్చి ఉన్నాయో లేదో చూసుకునేది. నడుం పట్టుకుని లేచి, వరండా అంచుకి వచ్చి ఒడి దులిపేది. ముందు దారప్పోగులు రాలేవి, తర్వాత గుడ్డపీలికలు, ఆ తర్వాత ఇసుక. తెల్లటి, సన్నటి సముద్రపు ఇసుక, మధ్యలో ఎప్పుడైనా ఓ గవ్వముక్క. కింద పెట్టిన తొట్టి నిండేదాకా రాలేది.

"ఇవాళ తడిగా ఉందే," అనేది అత్త. "అక్కడ వాన పడ్డట్టుంది."

"వాన అక్కడ, బరువు నాకు," అనేది మేనకోడలు, తొట్టి నెత్తికెత్తుకుంటూ.

ఆ ఊరికి సముద్రం లేదు. ఊరికేంటి, ఆ దేశానికే లేదు. అత్తది పక్క దేశంలో, సముద్రం ఒడ్డున ఉండే ఊరు. ఇక్కడ డిపోలో పనిచేసే అన్నకి భార్య పురిట్లోనే పోయిందని తెలిసి, "పిల్లకి నడకొచ్చేదాకా ఉండి వచ్చేస్తా," అని అందరికీ చెప్పి ఒక్క పెట్టెతో వచ్చింది. పిల్లకి నడకొచ్చింది. బడి వచ్చింది. చికెన్‌పాక్స్ వచ్చి పోయింది. ఆ తర్వాత అన్న కూడా పోయాడు. పెట్టె మంచం కిందే ఉండిపోయింది, అత్త మిషను ముందే ఉండిపోయింది. ఏ రోజైతే ఇంక వెనక్కి వెళ్లడం కుదరదని ఆవిడకి అర్థమైందో, ఆ సాయంత్రం నుంచే ఇసుక రాలడం మొదలైందని పక్కింటివాళ్లు చెప్తారు. అత్త మాత్రం దాని గురించి ఏమీ చెప్పదు.

మొదట్లో మేస్త్రి వచ్చి చూశాడు. చిటికెడు నాలుక మీద వేసుకుని, "ఉప్పిసుకమ్మా, గోడకి పనికిరాదు," అని వెళ్లిపోయాడు. పారెయ్యడానికి మనసొప్పక, అత్త దాన్ని డిపో వెనక పాత టైర్లు పడేసే ఖాళీ స్థలంలో పోయించేది. పోయగా పోయగా అదో మైదానమైంది. అయినా నిలిచే ఇసుక కాదది. డిపో వెనక గాలి ఎక్కువ. రోజూ ఓ తొట్టెడు పొయ్యకపోతే వారం తిరిగేసరికి కింద గట్టినేల పళ్లు బయటపెట్టేది.

ఆ ఇసుక మీదే తయారైంది జట్టు.

డిపోలో సీనియర్ డ్రైవరు ఒకాయన ఉన్నాడు, ఊరంతటికీ డ్రైవర్ బాబాయే. కుర్రతనంలో ఫుట్‌బాల్ ఆడి మోకాలు పోగొట్టుకున్న మనిషి. డ్యూటీ దిగాక కాళ్లు కడుక్కుని ఇసుకలో కూర్చుని, ఆడుకుంటున్న ఆడపిల్లల్ని చూసేవాడు. ఓ రోజు లేచి, "బూట్లు విప్పండే. ఇసుకలో బంతి దొర్లదు. కింద ఆడితే చస్తారు. గాల్లో ఆడండి," అన్నాడు. అంతే, అప్పట్నుంచి బంతి నేల చూసింది తక్కువ. ఒకరు పాదంతో పైకి లేపితే ఇంకొకరు తొడతో, మరొకరు తలతో. బేకరీలో పనిచేసే పిల్ల అయితే గోల్‌కి వీపు పెట్టి, వెనక్కి పల్టీ కొడుతూ తలమీదుగా తన్నేది. అందుకే ఆ పిల్లని బొంగరం అనేవాళ్లు. తెల్లారుజామునే లేచి పిండి పిసికిన ఒళ్లు, సాయంత్రానికి అలా ఎలా ఎగురుతుందో చూసినవాళ్లకి కూడా అర్థమయ్యేది కాదు.

మేనకోడలు గోల్‌కీపరు. డిపో వర్క్‌షాప్‌లో మెకానిక్కు. గోల్‌లో నిలబడితే మూసిన తలుపే కాబట్టి తలుపు అని పేరు పడింది. బస్సు కిందకి దూరి దూరి భుజాలు విశాలమయ్యాయి, చేతులకి పట్టు వచ్చింది. చెవితో బంతిని పసిగట్టేదని బాబాయ్ అంటాడు. ఇంజను చప్పుడు విని రోగం చెప్పే మనిషికి కాలి చప్పుడు విని బంతి ఎటొస్తుందో చెప్పడం ఓ లెక్కా.

ఇలా ఉండగా దేశం ఫుట్‌బాల్ సంఘం నుంచి ఒకావిడ వచ్చింది. బీచ్ ఫుట్‌బాల్ ప్రపంచ పోటీలట. ఈ ఖండం నుంచి రెండు జట్లకే చోటట. దానికోసం ఎనిమిది దేశాలు ముందు అర్హత పోటీలాడాలి. సెమీస్‌లో నెగ్గిన ఇద్దరే ప్రపంచ పోటీకి వెళ్తారు.

"మనకి సముద్రమే లేదు కదండీ," అంది బొంగరం.

"సముద్రం అక్కర్లేదు. ఇసుక మైదానం ఉండాలి. ఇప్పుడోసారి చూస్తాం, అర్హత వస్తే ప్రపంచ పోటీకి ముందు ఇంకోసారి చూస్తాం. అప్పటికి మైదానం లేదో, ఆ చోటు వేరే జట్టుకి పోతుంది." ఆవిడ చెప్పులు విప్పి ఇసుకలో అటూ ఇటూ నడిచింది. "ఎక్కణ్ణుంచి తెప్పించారు?"

"మా అత్త దులుపుతుంది," అంది తలుపు.

"మంచిది," అని ఆవిడ రాసుకుని వెళ్లిపోయింది.

జట్టు బట్టలు అత్తే కుట్టింది. కొలతలు తీసుకుంటూ, పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని, "పోటీలు ఏ ఊళ్లో అన్నావే?" అని అడిగింది. తలుపు ఊరి పేరు చెప్పింది. అత్త సూదులు తీసి దిండుకి గుచ్చింది.

"మా ఊరే," అంది. కొలతల టేపు చుడుతూ, "బస్సులో నాకు చోటుంటుందా?"

అత్త తనకోసం ఏదైనా అడగడం తలుపు పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.

ఈ మాట తెలిసి డ్రైవర్ బాబాయ్ తల పట్టుకున్నాడు. "ఒసే తలుపూ, ఆలోచించే మాట్లాడుతున్నావా? ఆవిడ సముద్రాన్ని చూసేసిందనుకో, ఇంక ఇసుక ఎందుకు రాలుతుంది? అర్హత వచ్చీ లాభమేంటి? మట్టినేల మీద బొంగరాన్ని పల్టీ కొట్టమంటావా, మెడ విరిగి చస్తుంది."

"ప్రపంచ పోటీ అయ్యాక తీసుకెళ్దాం లేవే," అంది బొంగరం. "ఇన్నేళ్లు ఆగిన మనిషి ఇంకొంచెం ఆగలేదా?"

ప్రపంచ పోటీలో ఆడాలని తలుపుకి ఎంత ఉందో అందరికంటే బాబాయ్‌కే తెలుసు. దానికోసం వర్క్‌షాప్‌లో పెద్ద మెకానిక్కు పోస్టు వస్తే కూడా వద్దంది, సాయంత్రాలు పోతాయని.

"ఆగింది నా కోసమే కదా బాబాయ్," అంది తలుపు. "నా పక్క సీటు ఆవిడకే."

బస్సు కొండలు దిగి మైదానాల్లో పడి రెండో రోజు మధ్యాహ్నానికి సముద్రం దగ్గరికి చేరింది. అత్త చెప్పులు చేతిలో పట్టుకుని దిగి, నీళ్లదాకా నడిచి, అక్కడే నిలబడిపోయింది. ఏడవలేదు, నవ్వలేదు. కరెంటు పోయి వచ్చినప్పుడు ఇల్లంతా ఓసారి చూసుకుంటామే, అలా చూసింది. సాయంత్రం అందరూ చూస్తుండగా లేచి ఒడి దులిపింది. రెండు దారప్పోగులు రాలాయి. అంతే.

బాబాయ్ తల పక్కకి తిప్పుకుని, "రేపు మ్యాచ్. తిని పడుకోండి," అన్నాడు.

మొదటి మ్యాచ్ సిగ్గుచేటుగా ఓడారు. అదీ ఎలా అనుకున్నారు? డిపో వెనక మైదానానికి ఓ పక్కంతా వర్క్‌షాప్ గోడ. బంతి గోడకి కొట్టి వెనక్కి తీసుకోవడం వాళ్లకి పుట్టుకతో వచ్చిన అలవాటు. ఇక్కడ గోడ ఎక్కడిది? బొంగరం లేని గోడకి బ్రహ్మాండమైన పాసులిచ్చింది. ప్రతిసారీ బంతి వెళ్లి సముద్రంలో పడింది. అవతలి జట్టు వాళ్లకి నవ్వాగక కడుపు పట్టుకున్నారు.

"గోడ లేదే తల్లీ, గోడ లేదు!" అని బాబాయ్ గొంతు పోయేలా అరిచాడు.

"కాలికి తెలియట్లేదు బాబాయ్!" అంది బొంగరం, ఏడుపు గొంతుతో.

మర్నాడు అత్త వెళ్లి గీత అవతల, గోడ ఉండాల్సిన వైపు, ఇసుకలో చాప వేసుకుని కూర్చుంది. "నా మీదకి కొట్టకండే, పెద్దదాన్ని," అంది. మరి ఎవరు కొడతారు? కాళ్లు వాటంతటవే దారికొచ్చాయి. తర్వాతి రెండు మ్యాచ్‌లూ నెగ్గి, నాలుగు జట్ల గ్రూపులో రెండో స్థానంతో సెమీస్‌కి చేరారు.

సెమీస్‌కి ముందు, ఒళ్లు వేడెక్కించుకుంటుంటే బొంగరం తన్నిన తన్నుకి గోల్ వల చిరిగింది. నిర్వాహకులు కంగారు పడుతుంటే అత్త బ్యాగులోంచి సూదీ దారం తీసింది. వలలు బాగుచేసే ముసలావిడ ఒకతె పక్కన చేరి, అత్త చేతులకేసే చూస్తూ, "ఇది మా ఊరి ముడి. ఎవరి పిల్లవమ్మా నువ్వు?" అని అడిగింది. అత్త తన తండ్రి పేరు చెప్పింది. ముసలావిడ అత్త గడ్డం పట్టుకుని, "చచ్చిపోయావనుకున్నామే!" అని వీపు మీద ఒక్కటిచ్చింది. ఇద్దరూ కూర్చుని మ్యాచ్ మొదలయ్యేదాకా వల కుడుతూనే ఉన్నారు, నోళ్లు మాత్రం మూతపడలేదు. అత్త అంత గట్టిగా నవ్వగలదని తలుపుకి అప్పుడే తెలిసింది.

ఆ సెమీస్ చూసినవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. అవతలిది పుట్టినప్పట్నుంచీ ఇసుకలో పెరిగిన జట్టు, ఇదేమో కొండల మీంచి దిగొచ్చిన మెకానిక్కులూ బేకరీ పిల్లలూ. ఈ ఆటకుండే మూడు భాగాలూ అయిపోయేసరికి స్కోరు సమానం. అదనపు ఆటలో బొంగరం గాల్లో అడ్డంగా తిరిగి గోల్ ఒకటి కొట్టింది. దాన్ని చూసి అవతలి గోల్‌కీపరే చప్పట్లు కొట్టబోయి ఆపుకుంది. ఇంక ఆట అయిపోతుందనగా అవతలివాళ్లకి ఫ్రీకిక్ వచ్చింది. ఈ ఆటలో ఫ్రీకిక్‌కి మనుషులు గోడ కట్టకూడదు. కొట్టేదానికీ గోల్‌కీపరుకీ మధ్య ఎవరూ ఉండరు. కొట్టే పిల్ల పాదంతో ఇసుకని దగ్గరికి లాగి చిన్న కుప్ప చేసింది, కుప్ప మీద బంతి పెట్టింది, వెనక్కి నడిచింది. తలుపు కళ్లు సగం మూసి, వింది. తర్వాత కుడివైపుకి ఆ మనిషి ఎగిరిన ఎగురుడు ఉంది చూశారూ, చేపకే ఈర్ష్య పుట్టాలి. బంతి వేళ్లకి తగిలి, గోల్ కర్రకి తగిలి, బయటికి పోయింది.

అర్హత వచ్చేసింది. బాబాయ్ పోయిన మోకాలితోనే గెంతాడు. బొంగరం సముద్రంలోకి పరిగెత్తింది. తలుపు మాత్రం గోల్ దగ్గరే కూర్చుని, వల వెనక అత్తని చూస్తోంది. ఏళ్ల తరబడి మిషను మీదకి వంగిన ఆ వీపు నిటారుగా ఉంది.

తిరుగు ప్రయాణం రోజు అత్త అందరికంటే ముందే పెట్టె పట్టుకుని బస్సు దగ్గర నిలబడింది. తలుపు వెళ్లి పెట్టె తీసుకుంది.

"నువ్వు ఇక్కడే ఉండు అత్తా."

"పిచ్చా నీకు? అక్కడ ఇసుక ఎవరు దులుపుతారు?"

"నువ్వు వచ్చి మాత్రం ఏం రాలుతుంది? దారప్పోగులు. అక్కడికొచ్చి మళ్లీ బెంగ పెట్టుకుని, ఆ బెంగతో నాకు మైదానం పోస్తావా?" తలుపు పెట్టెని వెనక్కి పెట్టుకుంది. "నాకు నడకొచ్చి చాలా కాలమైంది అత్తా."

అత్త చెయ్యి చాచి తలుపు కాలర్ సరిచేసింది. గుండీ ఒకటి వదులైతే అక్కడే, బస్సు మెట్టు మీదే, దారం తీసి కుట్టి, పంటితో దారం తెంపింది.

"నీకు మతిపోయింది," అన్నాడు బాబాయ్, బస్సు కొండలెక్కుతుంటే. తర్వాత చాలా దూరం పోయాక, "మీ నాన్న ఉంటే మెచ్చుకునేవాడు," అన్నాడు.

ఇంటికొచ్చాక గాలి తన పని తాను చేసుకుపోయింది. మైదానం మధ్యలో గట్టినేల తేలింది, తర్వాత అంచుల్లో. సంఘం ఆవిడ రెండోసారి చూడ్డానికి వస్తున్నానని ఫోన్ చేసింది. బొంగరం బేకరీ నుంచి పాత పిండి సంచులు తెచ్చి మిగిలిన ఇసుక మీద కప్పింది. పాపం, ఆ పిల్ల మాత్రం ఏం చేస్తుంది. ఇంట్లో మిషను మీద గుడ్డ కప్పి ఉంది. తలుపు పొద్దున్నే రెండు కప్పులు టీ కలిపి, రెండోది తాగే మనిషి లేదని గుర్తొచ్చి, తనే తాగేసేది.

ఓ సాయంత్రం సైరన్ మోగింది. తలుపు బస్సు కిందనుంచి బయటికి పాక్కుంటూ వచ్చింది. చేతులు తుడుచుకుని, నడుం నిలబెట్టుకుని, పని బట్టలు దులిపింది. ఓ బోల్టు రాలింది. నూనెగుడ్డ రాలింది. తర్వాత ఇసుక రాలింది. ఆగలేదు. సిమెంటు నేల మీద తెల్లగా కుప్ప పడుతూనే ఉంది. పక్క బస్సు కింది గుంతలో పనిచేస్తున్న మెకానిక్కు తలెత్తి చూసి, వెళ్లి తొట్టి తెచ్చి కింద పెట్టి, మళ్లీ తన పనిలో పడ్డాడు.

తలుపు తొట్టి అంచు మీద కూర్చుని ఫోన్ చేసింది.

"అత్తా... నాకు బెంగగా ఉంది."

అవతల అలల చప్పుడు. దాని మధ్యలోంచి అత్త గొంతు, హాయిగా, కాస్త వగరుస్తూ.

"తెలుసులేవే. ఇప్పుడే ఒడ్డున నడుస్తుంటే కాలు పల్లంలో పడింది. చూస్తే ఓ తొట్టెడు ఇసుక లేదక్కడ," అంది. "తీసుకో తల్లీ, కావలసినంత తీసుకో. ఇక్కడ బోలెడుంది."