కోసి చూడని షీటు

భాద్రపదమాసమున నొకనాడు విశాఖపట్టణమునకు ఉత్తరముననున్న కొండలపై కాటుకవన్నె మబ్బులు బరువుగ వ్రాలి శిఖరములను మ్రింగి సానువులవెంట దిగజారుచుండగను సముద్రము సయితము ఆ వన్నెనే పూసికొని నింగి యెచ్చట ముగిసెనో నీరెచ్చట మొదలయ్యెనో తెలియనీయక యుండగను పల్లపు వీథులయందు ఆటోలు ఎర్రని బురదనీటిని ఇరుప్రక్కల చిమ్ముచు పాదచారుల తిట్లను సమృద్ధిగ నార్జించుచుండగను, ఆరిలోవ దాపున రేకులకప్పుగల యొక కర్మశాలయందు మజ్జి జోగినాయుడను శిల్పి సన్నని పండ్లుగల చేతిరంపమును ఒడిలో నిడుకొని పాతగుడ్డతో దానిని తుడుచుచు వియ్యంకునివారి సరుకుబండి రాకకై యెదురుచూచుచు కూర్చుండి యుండెను.

శిల్పి యంటిని గదా యని దేవతాప్రతిమలు చెక్కువాడని పాఠకులు భ్రమపడవలదు. ఈతడు చేపలకు ఇండ్లు కట్టువాడు. భాగ్యవంతుల చావళ్లలో గోడకు మారుగ నిలుచు నీటితొట్లు, భోజనశాలల ముంగిట వంపుతిరిగిన ముఖములతో మెరయు అక్వేరియములు, ఎవరికెట్టి కొలత కావలెనన్న నట్టి కొలతకు అక్రిలిక్ షీటును కోసి అతికి నిలువబెట్టుట ఈతని వృత్తి. గాజుకంటె తేలికయై గాజుకంటె స్వచ్ఛమై దెబ్బకు పగులని ఆ షీటునందును రెండు కులములు గలవు. అచ్చున పోసి నిదానముగ గట్టిపడనిచ్చినది క్యాస్టు షీటు. యంత్రముఖమునుండి పిండివంటవలె వెలికి నొత్తి ఇనుప రోలర్లనడుమ సాగదీసినది ఎక్స్‌ట్రూడెడ్ షీటు. కంటికి రెండును ఒక్కటియే. కాని రెండవది లోపల బిగువు దాచుకొన్నది గనుక అతుకుమందు సోకినచోట కొంతకాలమునకు వెండ్రుకవంటి బీటలు విచ్చును. పేరుపలకలకును పెట్టెమూతలకును అది చాలును. నీటిబరువు మోయుటకు మాత్రము పనికిరాదు. పైపెచ్చు రెంటికిని ఇరువైపుల కాగితపు ముసుగు అంటించియే యమ్ముదురు. ఆ ముసుగును తొట్టి నిలిచి యింటి యిల్లాలు పసుపు చేతితో లాగువరకును విప్పరాదని ఈ పనివారి యాచారము. కావున కొనువాడు ముసుగుపైని ముద్రను నమ్మవలెను, లేదా కోసి చూడవలెను.

జోగినాయుడు ముద్రను నమ్మువాడు కాడు. ఎంతటి వర్తకుడు తెచ్చినను ఒక మూల రంపము పెట్టెడివాడు. క్యాస్టు షీటైనచో పొడిపొడిగ తెల్లని పిండి రాలును. మరియొకటియైనచో వేడికి కరగి రంపపు పండ్లకు బెల్లపుపాకమువలె అంటుకొని సాగును. ఆయన యేకపుత్రిక హైమావతి చిన్ననాట ఆ రాలు పిండిని అరచేత పట్టి "పొడి నాన్నా, మంచిదే" యని తీర్పు చెప్పుచు పెరిగిన పిల్ల. వర్తకులు సణిగెడివారు, కొందరు అలిగెడివారు, కొందరు మరల రారైరి. "నానేటి సేత్తాను? నీళ్లకి మొగమాటం ఉండదు గదా" యని జోగినాయుడు నవ్వి యూరకుండెడివాడు. ఇట్లు కోసి చూపించుకొనుటకు ఎన్నడును వెనుదీయని వర్తకుడు కోరాడ త్రినాథరావు. తానే షీటును ఎత్తి రంపము క్రింద పెట్టెడివాడు. ఏండ్ల తరబడి యతని సరుకు పిండియే రాల్చెను. ఆ నమ్మకమే స్నేహమయ్యెను, ఆ స్నేహమే వైశాఖమాసమున వియ్యమయ్యెను. హైమావతి త్రినాథరావుగారి కోడలై మెట్టినింట అడుగిడెను.

అదిగో ఆ పెండ్లి పిమ్మట వచ్చిన మొదటి బండి యిది. త్రినాథరావు స్వయముగ గొడుగు పట్టుకొని దిగెను. పనివారు దళసరి షీట్లను గోడకు చేరవేసిరి. ఒక పిల్లల యాసుపత్రివారు రోగిబాలుర మనస్సు మరలుటకై తమ చావడిలో నిలువెత్తు నీటితొట్టిని కట్టుమని జోగినాయుని నియోగించి యుండిరి. ఆ షీట్లు దానికొరకు త్రినాథరావు తన గిడ్డంగి యంత్రముననే కొలతకు కోయించి తెచ్చినవి. పూర్వాభ్యాసవశమున జోగినాయుడు రంపము చేతబట్టి మొదటి షీటు కడకు పోయెను.

త్రినాథరావు పకపక నవ్వెను. "ఏటి బావా! మా సరుక్కే కత్తెడతావా? రేపు మా ఇంట్లో కూకుని అన్నం తినీముందు ఇసం కలిపేరేమోనని పిల్లికెట్టి సూత్తావేటి?"

పనివారందరు గొల్లుమని నవ్విరి. జోగినాయుని ముఖము జేవురించెను. ఔరా, తానెంత పొరపాటు చేయబోయెను! పిల్లనిచ్చిన వాడు మగపెండ్లివారి వస్తువునకు వంక వెదకుటయా? ఆ మాట ఆ యింటి ఆడువారి చెవినబడినచో హైమావతికి దినదినము దెప్పిపొడుపులు తప్పునా? పిల్ల పచ్చగ నుండుటకంటె షీటు సంగతి యెక్కువదా? ఇట్లు తలపోసి యాతడు "అలవాటు బావా, చెయ్యి ఊరుకోదు" అని నసుగుచు రంపమును మేకునకు తగిలించి వియ్యంకునికి టీ తెప్పించెను. పాఠకులారా, కోపము వచ్చుచున్నదా? నాకును వచ్చుచున్నది. కాని ఆడపిల్లను ఇచ్చిన తండ్రి మెడ యెంత సులువుగ వంగునో యెరిగినవారు ఆతనిని తిట్టజాలరు.

తొట్టి నిర్మాణము దసరా దాటువరకు సాగెను. అంచులను నునుపుచేసి అతుకుమందును సూదిమొనతో సందులలోనికి పారించి అది ఆరువరకు ఊపిరి బిగబట్టి జోగినాయుడు చేసిన పనియందు వేలెత్తి చూపదగిన లోపమొక్కటియు లేకుండెను. ఆసుపత్రి పెద్ద డాక్టరు సుభాషిణిగారు పసుపు చేతితో ముసుగు లాగగనే చావడి యంతయు నీలివెలుగు నిండెను. సూదిమందునకు భయపడి తల్లి కొంగు పట్టుకొని యేడ్చు పసివారు ఆ తొట్టి ముంగిట కన్నీరు మరచి ముక్కులు దానికానించి చేపలను పలుకరించుచుండిరి. జోగినాయుడు తన జీవితమున నంతకంటె మంచి పని చేయలేదని పలువురితో చెప్పుకొనెను. గర్వమని యనరాదు, అది నిజము.

మార్గశిరమాసమున నొక యుదయమున నాతడు నీటిని మార్చుటకై యచ్చటికి వచ్చి క్రింది అతుకుకడ కూర్చుండి చూడగా షీటు లోపల సాలెగూటి పోగులవంటి మెరుపుగీతలు కానవచ్చెను. గుడ్డతో తుడిచెను, పోలేదు. గోటితో గీరెను, గోటికి అందలేదు. ఆ గీతల కెదురుగ నొక పసిది రెండు అరచేతులును షీటుకానించి నిలిచి చేపతో నేదియో రహస్యము చెప్పుచుండెను.

"అమ్మా! పిల్లల్ని తియ్యండి! అందర్నీ బైటికి తీసికెళ్లిపోండి!" అని యాతడు వేసిన కేకకు చావడి దద్దరిల్లెను. తల్లులు బిడ్డలను చంకనబెట్టుకొని పరువెత్తిరి. ఆతడు గొట్టములు వేసి నీటిని పెరటికి పారించెను. చేపలను గంగాళములలోనికి తోడెను. నీరు మోకాటిలోతునకు దిగిన తరువాత ఫెటిల్లుమని చప్పుడై క్రింది అతుకు విచ్చి మిగిలిన నీరంతయు చావడిని ముంచెత్తెను. విరిగిన షీటు ముక్క యొకటి ఆతని కాలికడ పడెను. ఎవ్వరికిని గాయము కాలేదు. దైవము మేలుచేసెను.

ఆతడు తన సంచినుండి రంపము తీసి యొంటరిగ నొక మూల కూర్చుండి ఆ ముక్కపై బెట్టి నాలుగుమార్లు లాగెను. పిండి రాలలేదు. కరగి సాగి పండ్లకు అంటుకొనెను. ముసుగు కాగితము క్యాస్టు షీటుదే. లోపలిది కాదు. ఒకదాని తోలు ఊడదీసి మరియొకదానికి కప్పిరి. పరాయివాడు చేసినచో జోగినాయుడు బూతులు తిట్టి యుండెడివాడు. ఇప్పుడు రంపమును ఒడిలో పెట్టుకొని కూర్చుండెను.

వార్త తెలిసి త్రినాథరావు మధ్యాహ్నమునకు కారులో వచ్చెను. తండ్రి తొట్టి పగిలెనని విని హైమావతియు వెంట వచ్చెను. డాక్టరమ్మ తడిసిన చీర కుచ్చిళ్లు పట్టుకొని నిలిచి గంభీరముగ నడిగెను. "ఎవరో ఒకరు నిజం చెప్పండి. షీటు మంచిది కాదా, పని మంచిది కాదా? ఇక్కడ పసిపిల్లలుంటారు."

జోగినాయుడు వియ్యంకుని ముఖము వంక చూచెను. అప్పటికిని ఆతని మనస్సులో నొక మూల ఆశ యుండెను. పొరపాటున వేరొక సరుకు వచ్చియుండునేమో, గిడ్డంగి పనివాడు చేసిన పనియేమో, బావ నోరు విప్పి ఆ మాట యనునేమో.

త్రినాథరావు నోరు విప్పెను. "మా సరుక్కేటమ్మా, ఊరంతా వాడుతున్నారు. ఎక్కడా మాట రానేదు. అతుకులోనే ఉంది తేడా. మా బావకి వయసైపోయింది, చెయ్యి వణుకుతాది. నానే సెప్పకూడదు గానీ."

ఆ మాట విన్నప్పుడు జోగినాయునకు చెంప చెళ్లుమన్నట్లయ్యెను. అమ్మిన మోసము ఒక యెత్తు. తన చేతిపై వేసిన నింద మరియొక యెత్తు. రంపము ఒడిలోనే యున్నది. కరగి యంటిన పాకము దానిపైననే యున్నది. లేచి డాక్టరమ్మకు చూపినచో చాలును. ఆతడు లేచెను గూడ. లేచి మామగారి వెనుక నిలిచిన కూతురిని చూచెను. ఆమె తలయెత్తలేదు. మంగళసూత్రమును వ్రేళ్ల నడుమ నులుముచు తడినేలను చూచుచుండెను. ఈ సాయంకాలము ఆమె తిరిగిపోవలసినది ఆ యింటికే గదా. ఆ కంచము, ఆ మంచము, ఆ మాటలు అన్నియు ఆ కప్పు క్రిందనే గదా.

జోగినాయుడు రంపమును గుడ్డలో చుట్టివేసెను. "నాదే తప్పమ్మా. అతుకు సరిగా పడనేదు. ఇచ్చిన సొమ్మంతా తిరిగిచ్చేత్తాను."

డాక్టరమ్మ కోపపడలేదు. "మీ పేరు విని ఇచ్చాను నాయుడుగారూ" అని మాత్రము పలికి లోనికి వెడలిపోయెను. ఆమె తిట్టియున్న బాగుండెడిది. త్రినాథరావు వియ్యంకులిద్దరి నడుమ ఏమియు జరుగనట్లు ఆతని భుజము తట్టి కారు కడకు పోయెను.

ఆసుపత్రి మెట్లపై తండ్రికూతుళ్లు ఇరువురే మిగిలిరి. హైమావతి చెంగు నోటికి అడ్డుపెట్టుకొని మెల్లగ ననెను. "రంపం సూసేను నాన్నా. నువ్వు గుడ్డలో సుట్టీసినప్పుడు సూసేను."

"సూసేవా తల్లీ. ఇంట్లో ఏటీ అనకు. నువ్వు సుకంగా ఉంటే అదే సాలు."

"నాకు ముందే తెలుసు నాన్నా."

ఆతడు ఆమె వైపు తిరిగెను.

"శ్రావణంలోనే సూసేను. గిడ్డంగిలో మావయ్య కూకుని పాత కాయితాలు ఊడదీసి అంటిత్తన్నారు. దసరాకొచ్చినప్పుడు షెడ్డులో ఆ షీట్లే ఉన్నాయి. చెయ్యెట్టి సూసేను గూడాను. సెబ్దామని నోటిదాకా వచ్చింది. సెప్తే ఆ ఇంట్లో నాకు చోటుండదు." ఆమెకు వెక్కిళ్లు వచ్చెను. "నా నోటితో సెప్పక్కర్లేదు అనుకున్నాను నాన్నా. నువ్వు కోసి సూత్తావు గదా, నీకే తెలిసిపోద్ది గదా అనుకున్నాను. నువ్వు కోయకుండా ఉంటావని నాకెలా తెలుస్తాది? నా పుట్టిన కాడ్నించి నువ్వు కోయకుండా ఒక్క షీటైనా అతికేవా?"

నీ కొరకే కోయలేదమ్మా యన్న మాట జోగినాయుని నాలుక చివర నుండెను. ఆ మాట యన్నచో ఆ పిల్ల బ్రతికినన్నాళ్లును అది మోయవలసి వచ్చును. ఆతడు దానిని మ్రింగెను. కాని మ్రింగిన తరువాత పుట్టిన బాధను దాచలేకపోయెను. వియ్యంకుడు వంచించినందుకు ఆతనికి కోపము వచ్చెను. కూతురు దసరానాడు తన యెదుట కూర్చుండి ఆ షీటును తాకి పులిహోర తిని నవ్వి వెడలిపోయినందుకు మాత్రము ఏడుపు వచ్చెను. మెట్లపైననే వచ్చెను, గేటుకడ నలుగురు చూచుచుండగనే వచ్చెను.

పరాయివాని సరుకునకు రంపము పెట్టువానికి పరాయివాడు ద్రోహము చేయజాలడు. ద్రోహము చేయగలవాడు మన రంపము దిగనిచోట నిలిచినవాడే. అట్టిచోట వియ్యంకుడు నిలిచెను, కూతురును నిలిచెను. ఒకడు లాభమునకు నిలిచెను, ఒకతె భయమునకు నిలిచెను. గాయమైనవాని కా భేదము వెంటనే తెలియదు.

కారునుండి త్రినాథరావు పిలిచెను. "అమ్మాయ్, ఆలస్యమవుతాంది!"

హైమావతి వంగి తండ్రి పాదములను తాకెను. దీవెనకై యొక క్షణము, మరియొక క్షణము వంగియే యుండెను. తల పైకి ఏ చేయియు రాలేదు. ఆమె మెల్లగ లేచి వెనుకకు చూడక పోయి కారెక్కెను. తలుపు మూసికొనెను. బండి ఆసుపత్రి గేటు దాటి సముద్రపు దారిలో మలుపు తిరిగిన పిమ్మట జోగినాయుని కుడిచేయి పైకి లేచెను. "సుకంగా ఉండు తల్లీ" అని యాతడు ఖాళీమెట్లతో ననెను.