వాడకట్టు గ్రైండర్

ఒకే గ్రైండర్ మూడో ఇంట్లో కూడా కనిపించేసరికి, తను నిద్రలో నడుస్తోందేమోనని లావణ్యకి అనుమానం వచ్చింది.

పొద్దున సుశీలమ్మగారి వంటింట్లో చూసింది. లేత ఆకుపచ్చ రంగు, ఒక పక్క సొట్ట, మెడకి నల్లదారంతో కట్టిన ఇత్తడి గంట. గ్రైండర్‌కి గంటేమిటని అడిగేలోపే సుశీలమ్మ మంచినీళ్ళు చేతికిచ్చి, "మాకేం అక్కర్లేదమ్మా, అన్నీ ఉన్నాయి" అని నవ్వేసింది. మధ్యాహ్నం వెనక సందులో రామలింగయ్య వరండాలోనూ అదే ఆకుపచ్చ, అదే సొట్ట, అదే గంట. ఇప్పుడు సాయంత్రం సత్తెమ్మ ఇంట్లో. లోపల మినప్పప్పు నలుగుతోంది. గ్రైండర్ వణికినప్పుడల్లా గంట సన్నగా మోగుతోంది.

"సత్తెమ్మా, గిది ఎవరి గ్రైండర్?"

"మాదే బిడ్డా."

"పొద్దున సుశీలమ్మగారింట్ల చూసిన కదా."

"పొద్దున ఆమెది."

ఇంతకు మించి చెప్పడానికేముందన్నట్టు సత్తెమ్మ అంచున పేరుకున్న పిండిని వేలితో లోపలికి తోసింది.

లావణ్య చేతిలో షోరూము కరపత్రాలు చెమటకి మెత్తబడ్డాయి. పాతది ఇచ్చి కొత్తది తీసుకెళ్ళమని రోజంతా గౌలిపుర సందుల్లో తిరిగినా ఒక్కరూ తీసుకోలేదు. చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ పక్కన షోరూములో మేనేజర్ నిఖిలేష్ ఆమెని పొద్దున్నే టీవీల గోడ ముందు నిలబెట్టి మాట్లాడాడు. గోడ నిండా టీవీలు, అన్నిటిలోనూ ఒకే నీలి సముద్రం.

"దసరా ఆఫర్‌కి అన్ని ఏరియాల వాళ్ళూ వస్తున్నారు. గౌలిపుర మాత్రం జీరో. మీ ఏరియానే కదా. ఎవడో మన కస్టమర్లని లాగేస్తున్నాడు. వాడెవడో నాకు కావాలి. పండగలోపు గౌలిపుర మన షాపులో కనబడాలి లావణ్య గారూ. లేకపోతే పండగ తర్వాత మీరు కనబడక్కర్లేదు."

ఆ ఉద్యోగమంటే లావణ్యకి ప్రాణం. తరాలుగా పాలమ్మిన ఇంట్లో, పేడ వాసన లేని బట్టలు కట్టుకుని పనికి వెళ్ళిన మొదటి ఆడపిల్ల తనే. మెడలో కార్డు, ఒంటికి చల్లటి గాలి, నోరారా 'మేడమ్' అనే కస్టమర్లు. పెళ్ళయి జల్‌పల్లిలో కాపురం పెట్టాక కూడా బస్సుల్లో నిలబడి నిలబడి రోజూ వచ్చేది ఆ సముద్రం ముందు నిలబడడానికే. అది పోతే తను ఎవరో ఆమెకి తెలియదు.

అందుకే సత్తెమ్మ ఇంటి నుంచి వెళ్ళిపోయినట్టే వెళ్ళి, ఎదురుగా ఆగి ఉన్న ఆటో వెనక నక్కింది.

కాసేపటికి సత్తెమ్మ, ఆమె కోడలు కలిసి గ్రైండర్‌ని తోపుడు బండిలో పెట్టుకుని బయటికొచ్చారు. పైన మూత పెట్టిన పిండి గిన్నె. సన్నగా జల్లు మొదలైంది. బండి మలుపు తిరిగితే గంట చప్పుడు మాత్రమే మిగిలింది. లావణ్య ఆ చప్పుడు వెంట నడిచింది. తడిసిన గోడలు, పావురాల గుంపు, ఎవరింట్లోంచో తాలింపు పొగ, ఎక్కడో రేడియో. చిన్నప్పటి నుంచి తెలిసిన సందులే ఆ మసక వెలుగులో ఎవరో కొత్తగా అల్లినట్టున్నాయి. గంట ఒకసారి ఎడమ పక్కన వినబడింది, ఒకసారి తన లోపలే వినబడింది. ఆగిన చోట తల ఎత్తి చూసింది.

మేనత్త ఆండాలు పశువుల కొట్టం.

బర్రెలు ఊరవతలికి వెళ్ళిపోయి చాలా కాలమైంది. కొట్టం బోసిపోయి ఉంటుందనుకుంది. లోపలికి తొంగి చూసి అలాగే నిలబడిపోయింది. బర్రెలు కట్టేసే గుంజల వరసలో మిక్సీలు, కూలర్లు, ఇస్త్రీ పెట్టెలు, ఒక కుట్టు మిషను, గోడకి రంధ్రాలు చేసే డ్రిల్లు. దేని గుంజకి దాన్ని తలుగుతో కట్టేశారు. అన్నిటికీ గంటలు. పెంకుల సందుల్లోంచి పడే వెలుగులో అవి నెమరువేస్తున్నట్టున్నాయి. సత్తెమ్మ గ్రైండర్‌ని దాని గుంజకి కట్టేసి, పిండి గిన్నె పక్కన పెట్టి, లావణ్యని చూడకుండానే వెళ్ళిపోయింది.

ఆండాలు తడిగుడ్డతో కూలర్ని రుద్దుతోంది, బర్రెని కడిగినట్టే.

"వచ్చినవా కోడలా. కూసో. గౌరి పని అయిపోవచ్చింది."

"గౌరి ఏంది అత్తమ్మా?"

"గీ కూలరు. ఆ గ్రైండర్ మల్లి. పేరు లేకుంటె ఎట్ల పిలుస్తం?"

"ఇవన్నీ నువ్వు కొన్నవా?"

"నేనెందుకు కొంట? మల్లి ఒక్కతే నాది. వారానికి ఒక్కపూట తిప్పుత, కడమ దినాలు మూలకుంటది. బర్రె గిట్ల వారానికి ఒక్కపూటే పాలిస్తె ఎవరన్న ఇంటికొకటి కట్టేసుకుంటరా? సత్తెమ్మ అడిగితె తీస్కపొమ్మన్న. మన దిక్కు ఉత్త చేతుల్తోని వాపస్ ఇయ్యరు కదా. గిన్నెల ఇంత పిండి, దాంతోని ఆమె ఇస్త్రీ పెట్టె పట్టుకొచ్చింది, ఇంట్ల జాగ లేదని. ఇస్త్రీ పెట్టె రామలింగయ్య తీస్కపోయిండు, కూలర్ తోలిండు. గట్ల మంద పెరిగింది."

"కిరాయి తీసుకుంటవా?"

ఆండాలు ఆమెని వింతగా చూసింది. "బర్రె ఈనితె జున్ను పాలు అమ్ముతమా పిల్లా? వాడకట్టుకు పంచుతం. గిదీ గంతే."

లావణ్య కుడితి తొట్టి అంచు మీద కూలబడింది. నిఖిలేష్ వెతుకుతున్న మనిషి దొరికింది. చిన్నప్పుడు తనకి తలంటు పోసిన మనిషి.

"నా నౌకరి పోతది అత్తమ్మా." మొత్తం చెప్పింది.

ఆండాలు చేతిలో గుడ్డ ఆగింది.

"నీ కడుపు మీద కొడుతున్ననని నాకెరుక లేదు బిడ్డా. రేపు పొద్దుగాల అన్నిటి తలుగులిప్పుత. ఎవలది వాళ్ళు తీస్కపోతరు. లేకున్నా, పాడైనా నీ షాపుకే వస్తరు. ఫికర్ చెయ్యకు."

వద్దనాలని లావణ్యకి అనిపించలేదు. నిజం చెప్పాలంటే ప్రాణం లేచొచ్చింది. "సరే అత్తమ్మా" అంది. తిరిగి తిరిగి కాళ్ళు గుంజుతుంటే మూలనున్న నులక మంచం మీద వాలింది.

కన్ను మూతపడగానే టీవీల గోడ లోంచి సముద్రం కొట్టంలోకి వచ్చింది. చప్పుడు లేకుండా, మోకాళ్ళ దాకా. గౌరి, మల్లి తలుగులు తెంపుకుని నీళ్ళలో తేలుతూ గుమ్మం దాటి పోతున్నాయి. వాటి వెనకే ఒకప్పటి బర్రెలు, మెల్లగా, వెనక్కి చూడకుండా. లావణ్య పిలుద్దామనుకుంది. ఒక్క పేరూ గుర్తు రాలేదు.

మాటలు వినబడి మెలకువ వచ్చింది. సత్తెమ్మ చంకలో మిక్సీతో మళ్ళీ వచ్చి నిలబడింది.

"పొద్దుగాల సందంత దీనితోని నూరుకున్నది, ఇప్పుడు సచ్చింది. జార్ల బ్లేడు తిరుగుత లేదు. ఆండాలు చెప్పింది గని, నీ ముచ్చట నాకెందుకు చెప్పలే బిడ్డా? కొత్తది నీ షాపులనే కొంట. అందర్ని తోలుకొస్త, పా."

ఇదే కావలసింది. రోజంతా వెతికిన మాట దానంతటదే గుమ్మంలోకి వచ్చింది. లావణ్య అలవాటుగా మిక్సీని ప్లగ్గులో పెట్టి నొక్కింది. లోపల మోటారు శుభ్రంగా తిరుగుతోంది. జారులో బ్లేడు మాత్రం కదల్లేదు. ఇలాంటప్పుడు షోరూములో ఏమనాలో నేర్పారు: ఇక బాగవదండీ, ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయండి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. సత్తెమ్మ ఆమె ముఖంలోకి నమ్మకంగా చూస్తోంది.

లావణ్య ప్లగ్గు పీకింది.

"కొత్తది అక్కర్లేదు. మోటారు మంచిగనే ఉంది. బ్లేడును తిప్పే ముక్క అరిగిపోయింది, గంతే."

మూలన కాలిపోయిన మిక్సీ ఒకటి పడి ఉంది. దానికున్న ముక్కని స్క్రూడ్రైవర్‌తో బిగపట్టి తిప్పి ఊడదీసి, దీనికి బిగించింది. మీట నొక్కితే బ్లేడు గిర్రున తిరిగింది.

"మరి నౌకరి?" అంది ఆండాలు.

"తలుగులు ఇప్పకు అత్తమ్మా."

నిఖిలేష్‌కి తనే ఫోన్ చేసింది. "తెలిసింది సార్. మా మేనత్త."

"గుడ్. ఏ షాపు?"

"షాపు కాదు సార్, కొట్టం. ఆమె ఏమీ అమ్మదు."

"అమ్మకపోతే మనకి పోటీ ఎలా అయింది?"

"అదే సార్ నాకూ అర్థమైతలేకుండె."

అవతల షోరూము సంగీతం సన్నగా వినబడింది. "పండగ దాకా ఆగక్కర్లేదు, కార్డు రేపే ఇచ్చేయండి" అన్నాడు.

మర్నాడు కార్డు ఇచ్చేసి, సముద్రం వైపు చూడకుండా బయటికొచ్చింది. ఇల్లెలా గడుస్తుందో తెలియదు. కొట్టానికి చేరేసరికి, సత్తెమ్మ మిక్సీ బాగైన సంగతి విని పక్క సందు వాళ్ళు ఆగిపోయిన మిక్సీలు, ఫ్యాన్లు మోసుకొచ్చి కూర్చున్నారు. కొందరు బాగుచేయించుకున్నవి ఇంటికి తీసుకెళ్ళకుండా గుంజకి కట్టేసి వెళ్ళారు.

దసరా ముందు రోజు హరిప్రియ వచ్చింది. జల్‌పల్లిలో లావణ్య పక్క వాటా ఆవిడ. కొట్టమంతా కలయదిరిగి, మల్లి మెడలో గంట కదిపి చూసింది.

"మన కాలనీలో కొట్టం లేదు కదా లావణ్యా. కింద కార్ పార్కింగ్ ఉంది. అది పనికొస్తుందా?"

"వస్తది. కాని ముందు ఒకరిది కట్టాలె."

"ఎవరిది?"

లావణ్య చేతులు తుడుచుకుని లేచింది. "నా మిక్సీ ఉంది కదా. పాండ్రి, బస్సు పోతది."